ఒక్క అడ్రస్ కూడా చేత్తో రాయను

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి ఒక్క అడ్రస్ కూడా చేత్తో రాయను. కెర్నెల్ తనే చూసుకుంటుంది. ఇదే నా శపథం. కింద రెండు గీతలు గీశాను.

కారణం: నిన్న క్రాంతి కుమార్ మా డబ్బాలో వేడిని కొలిచే కార్డును ఒక అరలోంచి తీసి పక్క అరలో పెట్టాడు. అంతే. డబ్బా లేవనంది. నేను ఆ కార్డు అడ్రస్‌ను ప్రోగ్రాంలో చేత్తో రాసి పెట్టాను మరి. ఇల్లు మారిన మనిషికి పాత ఇంటికే ఉత్తరాలు వేసినట్టయింది.

మొయినాబాద్‌లో ఎరువుల దుకాణం పైన కిరాయి గది మాది. పాలీహౌస్‌లను, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పంట పెంచే షెడ్లను, నడిపే డబ్బా తయారు చేస్తున్నాం. కార్డులు, తీగలు, స్క్రూలు క్రాంతి పని. లోపలి కెర్నెల్ నా పని. కెర్నెల్ అంటే కరెంటు రాగానే అందరికంటే ముందు లేచి, మిగతా వాళ్లను లేపి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూపించే ప్రోగ్రాం. మా ఇంట్లో మా అమ్మ చేసే పని.

డబ్బాలో ప్రతి కార్డుకూ మెమరీలో కొన్ని అడ్రస్‌లు, అంటే అంకెలు, వరుసగా కేటాయించాలి. ఆ వరుసలో ఏం రాసినా ఆ కార్డుకు చేరుతుంది. రెండు కార్డులకు ఒకే వరుస పడిందా, ఒకరికి చెప్పిన మాట ఇంకొకరు కూడా వింటారు.

నియమాలు:
- ప్రతి కార్డునూ "నీకెంత చోటు కావాలి" అని కెర్నెలే అడగాలి.
- ఖాళీ చూసి కెర్నెలే ఇవ్వాలి. ఇచ్చింది గుర్తు పెట్టుకోవాలి.
- ఒకరికి ఇచ్చిన చోటు ఇంకొకరికి ఇవ్వకూడదు.
- మేఘ వేలు పెట్టకూడదు.

నా పేరున్న ఆ చివరిది క్రాంతి చేర్చాడు.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ గని, ఎప్పటికల్ల అయితది?" అన్నాడు.

"వారం పడ్తది."

"నీ వారమా, క్యాలెండర్ వారమా?"

పని మొదలుపెట్టాను.

మార్చి 4, మంగళవారం

పొద్దున: అడగడం వచ్చింది. కెర్నెల్ ఒక్కో అర దగ్గరికి వెళ్లి ఎవరున్నారని అడుగుతోంది. వేడి కార్డు పలికింది. ఫ్యాన్ల కార్డు పలికింది. ఫాగర్ల కార్డు, అంటే పూల మీద మంచులా నీళ్లు చల్లే కార్డు, అదీ పలికింది.

మధ్యాహ్నం: ఎవరికెంత కావాలో కూడా చెప్పేస్తున్నాయి. ఇన్నాళ్లూ నేను అడగలేదు కాబట్టి అవి చెప్పలేదు. మనుషుల్లో కూడా ఇలాంటి వాళ్లుంటారు.

సాయంత్రం: మేనత్త రుక్మిణమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మా మొదటి డబ్బా ఆమెకే. హిమాయత్‌నగర్ దాటాక రోడ్డు పక్కన ఆమె జెర్బెరా పూల పాలీహౌస్ ఉంది. పోయిన ఎండాకాలం ఆమె టైమర్ ఆగిపోయి, ఫాగర్లు పడక, కోతకొచ్చిన మడులు మాడిపోయాయి. ఈసారి ఇలాంటి డబ్బానే అమ్మడానికి రంగుల కాగితాలు పట్టుకొచ్చిన సిటీ కంపెనీ అబ్బాయికి చాయ్ ఇచ్చి, "మా మేఘ చేస్తున్నది, నువ్వు పోయి రా" అని పంపించేసింది.

"ఎంతదాంక వచ్చింది బిడ్డా?" అంది.

"కార్డులు మాట్లాడుతున్నయ్ అత్తా."

"మాట్లాడుడు సరే. నీళ్లు కొడ్తయా?"

మార్చి 5, బుధవారం

చోటు ఇవ్వడం మొదలుపెట్టాను. ఇందులో ఒక మెలిక ఉంది. కార్డు ఎంత చోటు అడిగితే, ఆ కొలతతో సరిగ్గా భాగించగలిగే అంకె దగ్గరే దాన్ని కూర్చోబెట్టాలి. ఎక్కడ పడితే అక్కడ కూర్చోదు. చిన్న వాళ్లను ముందు కూర్చోబెట్టాను, పెద్ద వాళ్లకు చోటు దొరకలేదు. మధ్యలో అన్నీ సందులే. పెళ్లి భోజనాల్లో ఒక్కొక్కరు ఒక్కో కుర్చీ వదిలి కూర్చున్నట్టుంది.

పెద్ద వాళ్లను ముందు కూర్చోబెట్టాను. సరిపోయింది. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషమా అని నాకే అనిపించింది. కింద దుకాణం ముందు మిర్చి బజ్జీలు తిన్నాం. ఇద్దరం బజ్జీల మీద బజ్జీలు తిన్నాం.

మార్చి 7, శుక్రవారం

క్రాంతి స్క్రీన్ కార్డు తెచ్చాడు. తాకితే పనిచేసే రకం. రంగులు బాగున్నాయి.

కెర్నెల్ దాన్ని అడిగింది, నీకెంత చోటు కావాలని. సున్నా అంది.

మళ్లీ అడిగింది. మళ్లీ సున్నా.

అందరికంటే ఎక్కువ చోటు తినేది స్క్రీనే. అదేమో నాకేమీ వద్దంటుంది. కడుపు నిండా తినే చుట్టం "నాకు ఆకలి లేదమ్మా" అన్నట్టు. కార్డు చవకది, లోపలి తయారీలోనే తప్పుంది. ఇలాంటి వాటి కోసం కెర్నెల్‌లో వేరే ఏర్పాటు రాయాలి. రాయడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

కరెంటు రెండుసార్లు పోయింది. తలనొప్పి.

స్క్రీన్ ఒక్కదానికే అడ్రస్ చేత్తో రాశాను. అది కూడా సగం స్క్రీన్‌కే చోటు ఇచ్చాను. కింది సగంలో ఎలాగూ ఏమీ చూపించం కదా. పక్కన "తాత్కాలికం" అని రాశాను. తాత్కాలికం అని రాస్తే శపథం తప్పినట్టు కాదు.

మార్చి 9, ఆదివారం

పని చేయలేదు. ఆదివారం శపథంలో లేదు.

మార్చి 11, మంగళవారం

ఫ్యాన్ల కార్డు కొత్తది వచ్చింది. ఇది చోటు సరిగానే అడుగుతుంది కానీ ఇచ్చిన చోటు మరిచిపోతుంది. దానికి కూడా చేత్తో రాశాను.

ఒక్క మాట. ఈసారి అంకెను ఊరికే రాయలేదు. దానికి ఫ్యాన్ల చోటు అని పేరు పెట్టి, ఆ పేరును ఫైలు మొదట్లో రాశాను. పేరు పెట్టింది చేత్తో రాసినట్టు ఎలా అవుతుంది? అవ్వదు.

క్రాంతికి చెప్పలేదు. వాడు అడగలేదు కూడా.

మార్చి 14, శుక్రవారం

హోలీ. వేళ్లకు రంగు పోలేదు. రంగు వేళ్లతో కీబోర్డు ముట్టుకోకూడదు.

మార్చి 16, ఆదివారం

అత్త ఇంటికి వెళ్లాను. క్రాంతి కూడా వచ్చాడు. అత్త భర్త సత్తయ్య మామ అరుగు మీద ఫోన్‌లో ఉన్నాడు. మామ మాజీ సర్పంచ్. ఆ మాజీ అనే మాట ఆయనకు నచ్చదు. ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు.

"గా డబ్బా ఓపెనింగ్ పెట్టిన. వచ్చే ఆదివారం. మండలం పెద్దమనుషులు అందరొస్తున్నరు."

"ఇంకా పూర్తి కాలే మామా."

"వారం ఉన్నది గదా. స్క్రీన్ మీద వచ్చినోళ్ల పేర్లన్నీ రావాలె. జర పెద్దగ రావాలె. ఒక్క పేరు తప్పినా నాకు జవాబు చెప్పుకునే బాధ."

లోపల అత్త పూలకు కాగితం తొడుగులు వేస్తోంది. పెళ్లిళ్ల వాళ్లు మడులకు మడులే మాట్లాడుకున్నారట. "నువ్వు ఫికర్ చెయ్యకు. మామకు నేను చెప్తా, ఆపుమంట" అంది. ఆపమని చెప్పాల్సింది. వద్దు అత్తా, అయిపోతుందిలే అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మామ ముందు చిన్నబోవడం ఇష్టం లేక కావచ్చు.

తిరుగు దారిలో షేర్ ఆటోలో క్రాంతి అసలు సంగతి చెప్పాడు. గండిపేట దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చిందట.

"నెలాఖరుకల్ల చెప్పుమన్నరు. మన డబ్బా నడిస్తే నేను వద్దంట."

"నడవకుంటే?"

"మా అమ్మ చర్చిల అందరికీ చెప్పింది, మావోనికి నౌకరి వచ్చిందని. నడవకుంటే ఇంకేం చెప్పాలె నేను?"

ఆటోలో ఇంకో ఆరుగురున్నారు. అందరూ నా జవాబు కోసం చూస్తున్నట్టనిపించింది. నడుస్తుంది అన్నాను.

మార్చి 18, మంగళవారం

మిగిలిన కార్డుల్లో ఒకటి ఇంకో చోట ఇబ్బంది పెట్టింది. వెతకడానికి తీరిక లేదు. అడిగి చోటు ఇచ్చే భాగాన్ని మొత్తం పక్కన పెట్టాను. తుడిచేయలేదు, పక్కన పెట్టాను. తేడా ఉంది.

అందరికీ చేత్తో రాశాను. అన్నిటి పక్కనా తాత్కాలికం.

డబ్బా హాయిగా లేచింది. ఇంత బాగా ఎప్పుడూ లేవలేదు. అసలు చేత్తో రాయడంలో తప్పేముంది? మన పెద్దవాళ్లు అన్నీ చేత్తోనే చేశారు.

మార్చి 20, గురువారం

డబ్బాను పాలీహౌస్‌లో బిగించాం. వేడి పెరిగింది, ఫ్యాన్లు తిరిగాయి. గాలి పొడిబారింది, ఫాగర్లు పడ్డాయి. అత్త మడుల మధ్య నిలబడి చేయి చాపింది. అరచేతిలో మంచు. చేయి చీర కొంగుకు తుడుచుకుంది. క్రాంతి నన్ను చూసి నవ్వాడు. వాడు నవ్వి చాలా రోజులైంది.

"ముందర కొత్త మొక్కల మడులున్నయ్ గదా బిడ్డా, వాటి మీద గూడ పెట్టరాదు?" అంది అత్త.

క్రాంతి సంచిలో ఇంకో ఫాగర్ల కార్డు ఉంది. అందులో రెండు వాల్వులు: ఒకటి ఫాగర్లకు, ఒకటి ట్యాంకు కడిగేటప్పుడు అడుగు నీళ్లు వదలడానికి. దీనికి అడ్రస్ కావాలి. ఎక్కడుంది ఖాళీ? స్క్రీన్ పక్కన. స్క్రీన్‌కు సగమే ఇచ్చాను, మిగతా సగం ఎవరూ వాడట్లేదు. అక్కడ కూర్చోబెట్టాను.

పనిచేసింది. తాత్కాలికం.

మార్చి 23, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్త మొక్కలు ఇంకా రాలేదు కాబట్టి ముందరి మడులు ఖాళీగా ఉన్నాయి. నీడగా ఉందని మామ కుర్చీలన్నీ అక్కడే వేయించాడు. సరిగ్గా కొత్త ఫాగర్ల కింద. పెద్దమనుషులు వచ్చారు. తెల్ల బట్టలు, శాలువాలు, మైకు.

మామ స్క్రీన్‌ను తాకాడు. స్వాగతం అని వచ్చింది. పేర్లు ఒక్కొక్కటిగా పై నుంచి కిందికి. మామ ఇచ్చిన జాబితా పొడుగ్గా ఉంది, అక్షరాలు పెద్దగా ఉన్నాయి. స్క్రీన్ మధ్య గీత దాటి, కింది సగంలోకి మొదటి పేరు దిగింది.

కింది సగం అడ్రస్‌లలో కొత్త ఫాగర్ల కార్డు కూర్చుని ఉంది. స్క్రీన్ మీద పేరు రాస్తున్నామనుకున్నది ఆ కార్డుకు కూడా చేరింది. దానికి చదువు రాదు. తెరువు అన్నారని అర్థం చేసుకుంది.

పై నుంచి నీళ్లు పడ్డాయి. ముందు చప్పట్లు కొట్టారు. ఇదే ప్రదర్శన అనుకున్నారు. ఒకాయన "ఏసీ లెక్క ఉన్నది సత్తన్నా" అన్నాడు. ఇంకో పేరు దిగింది, ఇంకా గట్టిగా పడింది. చప్పట్లు ఆగాయి. మామ కంగారులో స్క్రీన్‌ను మళ్లీ తాకాడు. పేర్లన్నీ మొదటి నుంచి మళ్లీ వచ్చాయి. నీళ్లు ఆగి, మళ్లీ పడ్డాయి. మామ మళ్లీ తాకాడు.

శాలువాలు నెత్తిన కప్పుకుని అందరూ బయటికి నడిచారు. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

క్రాంతి డబ్బాకు కరెంటు తీసేశాడు. నీళ్లు ఆగాయి. డబ్బా లేనిదే తిరగవు కాబట్టి ఫ్యాన్లు కూడా ఆగాయి. అప్పుడే వెనక నుంచి అత్త గొంతు వినిపించింది, ట్యాంకు ఖాళీ అయిందని. రెండో వాల్వు కూడా తెరుచుకుని అడుగు నీళ్లన్నీ కాలువలోకి పోయాయి. బోరు మళ్లీ ట్యాంకు నింపడానికి సాయంత్రం అవుతుంది. మిట్ట మధ్యాహ్నం. పాలీహౌస్ లోపల పొయ్యిలా ఉంది. కోతకొచ్చిన పూలు మెడలు వంచడం మొదలుపెట్టాయి.

అత్త ఎవరినీ తిట్టలేదు. పక్క పరదాలు ఎత్తేయమంది. బోరు పైపు దగ్గర బిందెలు పెట్టమంది. మందు కొట్టే పంపులు కడిగి నీళ్లు నింపింది. ఒకటి క్రాంతి వీపుకు, ఒకటి నా వీపుకు. మూడోది ఎవరు తీసుకుంటారని చూస్తే మామ. తడిసిన తెల్ల బట్టల మీదే పంపు తగిలించుకుని మడుల్లోకి దిగాడు. ఏసీలా ఉందన్న పెద్దమనిషి కూడా శాలువా పక్కన పడేసి బిందెలు అందించాడు. ఎండ వాలేదాకా కొడుతూనే ఉన్నాం.

చాలా మడులు తలెత్తాయి. పడమటి వైపు మడులు తలెత్తలేదు. అవి ఒక పెళ్లికి మాట్లాడుకున్నవి.

క్రాంతి గట్టు మీద కూర్చుని నా ల్యాప్‌టాప్ తెరిచాడు. నేను పక్కన నిలబడ్డాను. వాడు కిందికి జరుపుతూ చదివాడు.

"తాత్కాలికం అని ఎన్ని సార్లు రాసినవ్ మేఘా?"

"శానా సార్లు."

"నాకు చెప్పొద్దా? చెప్తే ఓపెనింగ్ ఆపుమందుము గదా."

మామ పంపు దించుతూ ఏమైందని అడిగాడు. స్క్రీన్‌కు, ఫాగర్లకు ఒకే చోటు ఇచ్చానని చెప్పాను.

"అంటే ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్ట్రేషన్ చేసినవ్" అన్నాడు మామ. బనీను పిండుకున్నాడు. "చేవెళ్ల రోడ్డు మీద గిది కొత్తనా? నేను ఇంకేమో అనుకున్న."

అత్త చేతులు కడుక్కుని వచ్చింది.

"గిది బాగైతదా, కాదా? ఒక్క మాట చెప్పు."

"అయితది అత్తా. ఒక వారంల..."

"ఎప్పుడు అని నేను అడగలె."

పాత టైమర్‌ను మళ్లీ గోడకు బిగించమని క్రాంతికి చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 24, సోమవారం

గదికి వెళ్లలేదు. క్రాంతి ఫోన్ చేయలేదు.

బ్యాంకు పరీక్షలకు ఏ వయసుదాకా ఫీజు కట్టొచ్చో చూశాను. వయసు ఉంది.

మార్చి 25, మంగళవారం

బిర్యానీ. నిద్ర. కెర్నెల్ అనే మాట ఈ ఇంట్లో వినపడకూడదని అమ్మకు చెప్పాను. అది ఎప్పుడు వినపడింది అంది అమ్మ.

మార్చి 26, బుధవారం

అత్త ఇంటికి వెళ్లాను. పడమటి మడుల్లో పాడైన పూలు కోస్తోంది. కత్తెర తీసుకుని నేనూ కూర్చున్నాను. పెళ్లి వాళ్లకు పక్క తోటలోంచి పూలు ఇప్పించిందట.

"అత్తా, సిటీ కంపెనీ అబ్బాయిని పిలిపియ్యమంటావా?"

"ఎందుకు?"

"నాతోని కాదేమో."

అత్త ఒక కాడను వేళ్ల మధ్య వంచి చూసింది. విరగలేదు, వంగింది. దాన్ని కోయకుండా వదిలేసింది.

"పొయినేడు గా టైమర్ ఆగినప్పుడు, దాన్ని చేసినోడు వచ్చి కత్తెర పట్టిండా?" అంది. "స్క్రీన్ వద్దు నాకు. పేర్లు సూసే పని లేదు. డబ్బాను ముందర మడులకు పెట్టు సాలు. కొత్త మొక్కలు వచ్చినంక పెట్టు. ఫాగర్లు ఆగిపోతే నాకు తెలియాలె, గంతే."

ఇంటికి వచ్చాక ఏడ్చాను. బ్యాంకు పరీక్ష పేజీ మూసేశాను.

మార్చి 28, శుక్రవారం

పొద్దున గదికి వెళ్లేసరికి క్రాంతి అప్పటికే ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. మెహిదీపట్నం బస్సుకు వెళ్తున్నాడని తెలిసిపోయింది. కంపెనీ వాళ్లకు కాగితాలు ఇవ్వాలట.

"చేరుతున్నవా?" అన్నాను.

"చేరుతున్న. జూన్‌ల వస్తనని చెప్పిన. అప్పటిదాంక గీడనే ఉంట."

"జూన్ తర్వాత?"

"తర్వాత సంగతి నీ మీద ఉన్నది. అమ్మకు గిది కూడా నౌకరే అని చెప్తే నమ్ముతలేదు. నమ్మేటట్టు చెయ్యి."

తర్వాత చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. నా కీబోర్డు దగ్గరికి లాక్కుని, పై వరుసలో అంకెల బొత్తాలను ఒక్కొక్కటే పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. కార్డును అడిగి, దానికి కెర్నెలే చోటిచ్చే రోజు తిరిగి ఇస్తాడట. చోటు చాలకపోతే లేదని చెప్పాలట, మీద మీద కూర్చోబెట్టకూడదట.

సున్నా మాత్రం వదిలేశాడు.

"గిదెందుకు ఇడిసిపెట్టినవ్?"

"మొదలుపెట్టేతందుకు."

మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఫైలు తెరిచాను. పక్కన పెట్టిన భాగం అలాగే ఉంది. కార్డులను అడిగే వరుసలు, చోటు ఇచ్చే వరుసలు. అవి బాగానే రాశాను. నేనే వాటిని పనిచేయనివ్వలేదు.

అప్పుడు చూశాను. కీబోర్డు కుడి పక్కన ఇంకో గడి ఉంది, లెక్కలు వేసుకునే వాళ్ల కోసం. ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్నీ ఉన్నాయి. క్రాంతి హడావిడిలో చూడలేదు.

కాసేపు ఆ అంకెల వైపు చూస్తూ కూర్చున్నాను. వేలు ఒకసారి మూడు మీదికి వెళ్లింది కూడా.

తర్వాత చెంచా కాడతో వాటిని పీకాను. గుప్పిట్లో పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీద పరుగెత్తాను. బస్సు కదలబోతోంది. క్రాంతి కిటికీ పక్కన కూర్చున్నాడు. చేయి పైకెత్తి అందించాను.

"ఇవెక్కడివి?"

"నీకు కనవడనివి."

వాడు గుప్పిట విప్పి చూశాడు. నవ్వలేదు. వాటిని రెండో జేబులో వేసుకుని, జేబు మీద చేయి అలాగే ఉంచాడు. బస్సు వెళ్లిపోయింది.

గదికి వచ్చి ఇది రాస్తున్నాను. ఈ రోజు నుంచి ఒక్క అడ్రస్ కూడా చేత్తో రాయను.